ఎం.జి. కారు గొంతు నులిమిందెవరు?

"ఈ గుడియాత్తంలో నేరం చేసినోడు ఇంతవరకూ ఒక్కడన్నా నా చేతిలో నించి తప్పించుకోలేదు దామూ. తెలుసునా నీకు?"

"తప్పించుకునేదానికి ముందు ఒక్కడన్నా దొరకాల కదక్కా," అన్నాడు దామోదరం, పైపుల మీద దుమ్ము దులుపుతూ.

పంకజమ్మ ఆ మాట విననట్టే వదిలేసింది. అనవసరమైన మాటలు గొప్ప డిటెక్టివుల చెవిన పడవని ఆమె సిద్ధాంతం.

శనివారం పొద్దున తొమ్మిది గంటలకు, దామోదరం హార్డువేరు షాపులో, పి.వి.సి. పైపుల కట్టకూ రంగు డబ్బాలకూ మధ్య నిలబడి ఆమె ఈ ప్రకటన చేసింది. ఒంటి మీద కాలం చేసిన మొగుడి నల్ల రెయిన్‌కోటు, మెడ దాకా గుండీలు. బయట శివరాత్రి దాటిన మాసి నెల ఎండ. వాన చినుకు పడి మూడు నెలలైంది.

పంకజమ్మ దామోదరానికి పెద్దమ్మ కూతురు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరి గుట్టంతా ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోయింది గానీ, పోతూ పోతూ తలలో కొంచెం అంటుకుందని ఆమె అంటుంది. రిటైరయ్యాక 'పంకజం పరిశోధనాలయం' అని బోర్డు పెట్టింది. ఇంతవరకూ వచ్చిన పెద్ద కేసు ఎదురింటి వాళ్ళ కోడిపుంజు మాయం కావడం. మూడు రోజులు ఇంటింటికీ పోయి సాక్షుల్ని విచారించింది. మూడో రోజు ఒక సాక్షి ఇంట్లో కడుపారా భోంచేసింది. ఆ పూట కూరేమిటో అడగడం ఒక్కటే మరిచిపోయింది.

ఈసారి మాత్రం తప్పు దామోదరానిదే. ముందురోజు టీ తాగుతూ, "బలరామయ్య మామ కారుకు ఊపిరాడటం లేదక్కా. రోజూ ఎవురో వచ్చి గొంతు పిసికి పోయినట్లుండాది," అని నోరు జారాడు. పోలికకు అన్న మాట. పంకజమ్మ దగ్గర పోలికలు చెల్లవు.

బలరామయ్యకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు చుట్టుపక్కల లారీలన్నీ ఆయన షెడ్డులోనే బాడీ కట్టించుకునేవి. ఆరేళ్ళ కిందట ఆలంగాయం దగ్గర ఒక పాత బంగళా వెనకాల, కోళ్ళు కాపురముంటున్న ఒక కారును చూశాడు. 1952లో ఇంగ్లండులో పుట్టిన ఎం.జి. స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, మీసాల్లాంటి మడ్‌గార్డులు. కోళ్ళను ఒప్పించి కారును తెచ్చుకున్నాడు.

ఆ రోజు నించి ఆ షెడ్డు ఒక సంసారమైపోయింది. ఆ కారుకు పైన తొడుగు రేకే గానీ లోపలి ఎముకలు కొయ్యవి. వాటిని వడ్రంగి కుమరేశన్ ఒక్కొక్కటిగా చెక్కి నిలబెట్టాడు. వైరింగు దామోదరం చేశాడు. ఇంగ్లండులో ఎవరో ముఖమెరుగని ముసలాయన హెడ్‌లైటు అద్దాన్ని తన పాత స్వెట్టరులో చుట్టి పంపాడు. అద్దం కారుకు పోయింది, స్వెట్టరు బలరామయ్యకు. అన్నిటికన్నా పెద్ద చెయ్యి వేలూరు అంతోనిది. జోలార్పేట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ కారు నట్లకు పట్టే పాతకాలం ఇంగ్లీషు స్పానర్లు ఈ జిల్లా మొత్తానికీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయనా ఇంకో పాత ఇంగ్లీషు కారును బాగుచేసుకుంటున్నాడు. ప్రతి ఆదివారం బస్సెక్కి గుడియాత్తం వచ్చేవాడు.

వచ్చేవాడు. మూడు నెలలుగా రావడం లేదు.

ఇప్పుడు కారు తయారైంది, ఇంజను నిలవడం లేదు. దానికి రెండు కార్బురేటర్లు. బలరామయ్య ఒక రబ్బరు గొట్టం కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, రెండో కొస చెవిలో పెట్టుకుని, బుస విని స్క్రూ తిప్పి, రెండూ ఒకేలా ఊపిరి తీసేట్టు సరిచేస్తాడు. సాయంత్రం సరిచేస్తే పొద్దునకు మళ్ళీ దగ్గు, ఆయాసం, ఎక్కిళ్ళు, ఆపైన మౌనం.

ఆదివారం వేలూరు కోట మైదానంలో పాత కార్ల ప్రదర్శన. తన కాళ్ళ మీద తాను నడిచే కారే మైదానం చుట్టూ తిరగాలి. తాడు కట్టి లాక్కొస్తే ఒప్పుకోరు. పైగా ఆ రోజుతోనే బలరామయ్య డ్రైవింగు లైసెన్సు ముగుస్తుంది. ఇక సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టనని కళ్ళ డాక్టరు చెప్పేశాడు. ఆరేళ్ళు కష్టపడి నిలబెట్టిన కారును ఆయన నడపడానికి ఉన్నది ఆ ఒక్క ఆదివారమే.

"అందుకే ఇది మామూలు కేసు కాదు," అంది పంకజమ్మ. "ఇది హత్యాయత్నం. టీవీఎస్ బండి తీయి."

* * *

షెడ్డులో పంకజమ్మ భూతద్దం తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. నేల మీది ఆయిలు మరకలో ఒక చెప్పు గుర్తు.

"పది నంబరు. ఎడమ కాలు రోంత ఈడ్చి నడుస్తాడు. మనిషి లావు. ఈ ఊరోడే. యాభై దాటినాయి. పెండ్లాం మాటకు ఎదురు చెప్పడు."

దామోదరం తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "అది నాదక్కా."

"అందుకే అంత కరెక్టుగా చెప్పినా."

బలరామయ్య స్టూలు మీద కూర్చుని, చేతిలో రబ్బరు గొట్టంతో ఆమెను చూస్తున్నాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు.

"మామా, మీకు శత్రువులు ఎవురన్నా ఉండారా?"

"ఈ వయసులో నాకు శత్రువులు మోకాళ్ళేనమ్మా."

"ఈ షెడ్డుకు వస్తా ఉండి, ఉన్నట్టుండి రావడం మానేసినోళ్ళు?"

బలరామయ్య గొట్టాన్ని వేలికి చుట్టుకున్నాడు. "అంతోని. రంగు దగ్గర మాటా మాటా వచ్చింది. ఇంగ్లీషు కారుకు పచ్చ రంగే కొట్టాలన్నాడు. ఎర్రదే కొడతానంటి. మిరపకాయ మాదిరి ఉంటుంది అన్నాడు. నా కారు, నా మిరపకాయ అంటి. ఆ పొద్దు పోయినోడు మళ్ళ ఇటుపక్క రాలే."

పంకజమ్మ కళ్ళు మెరిశాయి. "పగ ఉండాది. స్పానర్లు ఉండాయి. ఇంకేం కావాల?"

"అంతోని అట్లాంటోడు కాదమ్మా."

"ప్రతి కేసులోనూ చచ్చినోడు ఇదే మాట చెప్తాడు."

"చచ్చినోడు ఎట్ల చెప్తాడక్కా?" అన్నాడు దామోదరం.

"గమ్మునుండు. వేలూరు బస్సు ఎన్ని గంటలకు?"

* * *

బస్సులో రెయిన్‌కోటు చూసి కండక్టరు, "ఏమ్మా, చలిజ్వరమా?" అని అడిగి, ఎందుకైనా మంచిదని చిల్లర దూరం నించే అందించాడు. పంకజమ్మ మారువేషం ఫలించిందని మురిసిపోయింది.

పాలారు వంతెన దగ్గర కిటికీలోంచి ఇసుకను చూసి గంభీరంగా నిట్టూర్చింది. "నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట అని వేలూరును ఊరికే అన్లేదు దామూ. ఈ పొద్దుతో వేలూరులో ముద్దాయి లేని నేరం మాత్రం ఉండదు."

అంతోని షెడ్డు వేలూరు సత్తువాచారిలో ఉంది. ముందునించి పోదామన్నాడు దామోదరం. డిటెక్టివులు ముందునించి పోరట. ఇద్దరూ వెనకసందులో రేకు గోడ పక్కన నక్కారు. పంకజమ్మ మహా నేర్పుగా చెవిని రేకుకు ఆనించింది. మిట్టమధ్యాహ్నం వేలూరు రేకు. చెవి చుర్రుమంది. అయినా కెవ్వుమనకుండా రెండో చెవి ఆనించింది.

లోపల అంతోని ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ఆమా, అవునప్పా, ముసిలోడు ఈడనే పడుండాడు. ఇంగ్లీషోడు కదప్పా, డెబ్బై ఏండ్లయినా గుండె గట్టిది... తల నిన్ననే విప్పినా. లోపలంతా నల్లగా మసి... ఒళ్ళు రెండు తుంటలు చేసినా, ఎత్తేదానికి అదే సుళువు... కాళ్ళా? నాలుగూ తీసి గోడకు ఆనించినా."

పంకజమ్మ దామోదరం చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాలుగు కాళ్ళు! అంటే ఇద్దరు!"

"అక్కా, అది కారు..."

"కారులో తీసుకుపోతాడా? నంబరు రాసుకో."

"కాదక్కా, ఆయన చెప్పేది కారు గురించి..."

"ఆ గుండె ఎవురికన్నా కావాలంటే చెప్పప్పా," అంటున్నాడు అంతోని లోపల. "ఊరికే ఇచ్చేస్తా. నాకు వేరేది వస్తా ఉండాది."

పంకజమ్మ ముఖం పాలిపోయింది. "ఊరికే ఇస్తాడంట. మనుషుల్ని కోసి పంచిపెట్టే ముఠారా ఇది! మన మామ కారు వీడికి పక్కపని." దామోదరం నోరు తెరిచే లోపల ఆమె రెయిన్‌కోటు ఎగరేసుకుంటూ వీధి మొగకు పరుగెత్తింది.

అక్కడ సోడా బండి దగ్గర హెడ్ కానిస్టేబుల్ తంగవేలు నిమ్మకాయ సోడా తాగుతున్నాడు. నల్లకోటులో చెమటలు కారుతూ వచ్చిపడిన మనిషిని చూసి సోడా కింద పెట్టాడు.

"సార్! రెండు శవాలు! నాలుగు కాళ్ళు! ఒక తల!"

తంగవేలు ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి. లెక్క చూసుకున్నాడు. "ఇన్నొరు తల ఎంగేమా?" అని అరవంలో అడిగాడు.

"ఆ రెండో తల యాడుందో పట్టేదానికే కదా సార్, మీరు రావాల్సింది!"

* * *

షెడ్డు తలుపు బార్లా తీసే ఉంది. పంకజమ్మకు అది కొంచెం నిరాశ. తన్ని తెరవడానికి కాలు సిద్ధంగా పెట్టుకోమని తంగవేలుకు దారంతా చెబుతూ వచ్చింది మరి.

"అంతోనీ! కదలొద్దు! చేతులు పైకెత్తు!"

అంతోని బక్కపలచని మనిషి, కళ్ళజోడుకు దారం కట్టుకుని మెడలో వేసుకుంటాడు. చేతిలో తడి బ్రష్షు. చెయ్యెత్తమంటే ఎత్తాడు. పచ్చరంగు బొట్లు బొట్లుగా ఆయన బట్టతల మీద పడింది.

"శవాలు యాడ?" అంది పంకజమ్మ, టార్పాలిను ఒక్క గుంజు గుంజుతూ.

కింద రెండు ముక్కలుగా కోసిన ట్రయంఫ్ కారు బాడీ ఉంది. గోడకు నాలుగు చక్రాలు ఆనించి ఉన్నాయి. బల్ల మీద, వార్తాపత్రిక పరిచి, మసి పట్టిన ఇంజను తల, సిలిండర్ హెడ్డు.

దామోదరం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భూమి చీలితే దూరిపోదామని చూశాడు గానీ, సత్తువాచారి నేల అంతా సిమెంటు.

ముందు తేరుకున్నది తంగవేలే. లాఠీ చంకలో పెట్టుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, నెమ్మదిగా అడిగాడు: "ఇదు ఎవ్వళవు స్పీడు పోగుం సార్?"

"నూటరవై," అన్నాడు అంతోని, చేతులు ఇంకా పైనే ఉంచి.

తంగవేలు టోపీ తీశాడు. ముందు ముక్కలోకి ఎక్కి కూర్చున్నాడు. దానికి అడుగు రేకు లేదు, బూట్లు నేలకు తగిలాయి. ఆయనకు అదేమీ పట్టలేదు. స్టీరింగు పట్టుకుని, ఒక ఫోటో తీయమని దామోదరానికి తన ఫోను ఇచ్చాడు.

"దామూ," అన్నాడు అంతోని చేతులు దించి, "ఏందప్పా ఇదంతా?"

దామోదరం చెప్పాడు. కార్బురేటర్లు, దగ్గు, రేపటి ప్రదర్శన, లైసెన్సు. చెబుతున్నకొద్దీ అంతోని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"ఎన్ని దినాలుగా?"

"పది దినాలు."

"పది దినాలు! నాకు ఒక్క ఫోను చేయకూడదా ఆయన?"

"నువ్వు రానని పోతివి కదన్నా."

"రానన్నా. ఫోను ఎత్తనన్నానా?" అంతోని బ్రష్షును డబ్బాలో గుచ్చాడు. "సరి, పోనీ. పిలవందే నేను రాను. నాకూ రోషముండాది."

"నువ్వు రావడమేంది? మేమే తీసుకుపోతాం," అంది పంకజమ్మ. శవాలు లేకపోయినా ఆమె ఒక్క అంగుళం వెనక్కు తగ్గలేదు. "ముద్దాయిని నేరం జరిగిన చోటికి తీసుకుపోయి ఎదురెదురుగా నిలబెట్టాల. అది చట్టం!"

తంగవేలుకు ఆ రెండో కారునూ చూడాలని ఉంది. డ్యూటీ రెండు గంటలకు అయిపోతుంది. "ఆమా ఆమా, చట్టం," అని తలూపాడు కారులో నించి దిగకుండానే.

"చట్టమంటే రావాల కదా మళ్ళ," అన్నాడు అంతోని. అనేలోపలే స్పానర్ల సంచి ఆయన భుజం మీద ఉంది.

* * *

అంతోని పాత వ్యానులో నలుగురూ గుడియాత్తం చేరేసరికి మూడున్నర. బలరామయ్య అదే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ముద్దాయిని తెచ్చినా మామా!"

బలరామయ్య అంతోని వంక చూడలేదు. దామోదరాన్ని అడిగాడు: "ముద్దాయి అన్నం తిన్నాడా?"

అంతోని కూడా దామోదరానికే చెప్పాడు: "తిన్నానని చెప్పు. రంగు మాత్రం మిరపకాయేనని చెప్పు."

"పండు మిరపకాయ అని చెప్పు," అన్నాడు బలరామయ్య.

సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పక్కలా తెరుచుకునే బానెట్టును తెరిచారు. బలరామయ్య ఇంజను స్టార్టు చేశాడు. అది గురకపెట్టి, దగ్గి, ఎక్కిళ్ళు పెట్టింది. అది చచ్చిపోకుండా ఉండటానికి దామోదరం పెడలు తొక్కిపట్టాడు. అంతోని గొట్టం అందుకుని చెవిలో పెట్టుకున్నాడు. స్క్రూ ఇటు తిప్పాడు. బలరామయ్య అటు తిప్పాడు. ఇద్దరూ దామోదరం ద్వారా తిట్టుకున్నారు.

"ఇంత విప్పమని ఎవురు చెప్పినారో అడుగు!"

"మూడు నెలలు యాడికి పోయినాడో అడుగు!"

"అందరూ పక్కకు జరగండి," అంది పంకజమ్మ. "హంతకుడు ఈ పని ఎట్ల చేసినాడో నేను చేసి చూపిస్తా."

షెడ్డు రేకుల కింద ఇంజను సెగ. పొద్దున నించి రెయిన్‌కోటులో ఉడికిన మనిషి ఇక తట్టుకోలేకపోయింది. గుండీలు పటపటా విప్పి, కోటును ఒక్క విసురుతో వెనక్కు పారేసి, స్క్రూను చూపించడానికి ఇంజను మీదికి వంగింది. సన్నటి నూలు చీర కొంగు భుజం మీంచి జారి కార్బురేటర్ల వెనకాల, గాలి గొట్టం ఇంజనును కలిసే చోట పడింది.

సుర్రుమని ఏదో ఆ కొంగును లోపలికి పట్టి లాగింది.

"అయ్యో! పట్టుకున్నాడు! నా కొంగు పట్టుకున్నాడు! లోపలే ఉండాడు సార్, పట్టుకోండి!"

తంగవేలు లాఠీ తీసి ఇంజను కింద చూశాడు.

అప్పుడు అందరికీ వినపడింది. పంకజమ్మ కేకల కింద ఇంజను మారిపోయింది. దగ్గు లేదు. ఎక్కిళ్ళు లేవు. కుట్టుమిషను మాదిరి టకటకటక, నిదానంగా, సమంగా నడుస్తోంది. పంకజమ్మ కొంగు గుంజింది. దగ్గు మొదలైంది. గుంజలేక వదిలింది. మళ్ళీ టకటకటక.

"లాగొద్దక్కా!" అని అరిచాడు దామోదరం.

"మానం పోతా ఉంటే లాగొద్దంటావేంరా!"

"ఇంకొక్కసారి లాగమ్మా," అన్నాడు అంతోని. లాగింది. దగ్గు. "ఇప్పుడు వదులు." వదిలింది. టకటకటక.

ఇద్దరు ముసలివాళ్ళూ మూడు నెలల తర్వాత మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గ్యాస్కెట్టు!" అన్నారు ఇద్దరూ ఒక్క నోటితో.

గొట్టానికీ ఇంజనుకూ మధ్య అట్టముక్క లాంటి గ్యాస్కెట్టు ఒకటుంటుంది. అది వెంట్రుకవాసి చీలింది. ఇంజను వేడెక్కితే సందు తెరుచుకుని దొంగచాటుగా గాలి పీలుస్తుంది, చల్లారితే మూసుకుంటుంది. అందుకే సాయంత్రం వేడి మీద సరిచేసింది పొద్దున చల్లగా ఉన్నప్పుడు తప్పయ్యేది. ఎవరూ రాలేదు. ఎవరూ ఏ స్క్రూనూ ముట్టలేదు.

"పది దినాలు, అన్నా," అన్నాడు అంతోని మెల్లగా. ఈసారి దామోదరంతో కాదు.

"నీకు ఫోను చేయాలని రోజూ అనుకుంటి," అన్నాడు బలరామయ్య. "నంబరు తిప్పేదాకా వచ్చి, రంగు గుర్తొచ్చేది."

ఇంజను ఆపి కొంగు విడిపించారు. అంచున రూపాయి బిళ్ళంత చిల్లు కాలింది. అంతోని సంచిలోంచి గ్యాస్కెట్టు షీటు తీశాడు. బలరామయ్య దాన్ని గొట్టం అంచు మీద పట్టుకున్నాడు. అంతోని చిన్న సుత్తితో చుట్టూ టకటకా కొట్టి ఆకారం కోశాడు. ఒకరి చేతులు ఇంకొకరికి అలవాటైన చేతులు. మాట అవసరం లేకపోయింది. ఆరింటికి కారు పాడుతోంది.

పంకజమ్మ పాత గ్యాస్కెట్టును కవరులో వేసి, అంటించి, తంగవేలుకు అందించింది. "ఇదిగో సార్ ముద్దాయి."

"మీకు ముందే తెలుసునామ్మా?" అన్నాడు తంగవేలు నిజమైన గౌరవంతో.

"తెలియకుండా కొంగు అట్ల ఎవురన్నా వేస్తారా?" అంది పంకజమ్మ, చిల్లును వేలితో మూసుకుంటూ.

* * *

ఆదివారం వేలూరు కోట మైదానంలో ఎర్ర ఎం.జి. తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చింది. బలరామయ్య ఇంగ్లండు స్వెట్టరు వేసుకుని స్టీరింగు పట్టాడు. పక్క సీట్లో అంతోని. మైకు పట్టుకున్న నిర్వాహకుడి దగ్గర పంకజమ్మ నిలబడి, ఈ కేసులో తన పాత్ర గురించి ఏం చెప్పాలో ఆయనకు చెబుతోంది. తంగవేలు సెలవు పెట్టి భార్యతో వచ్చాడు.

ఒక చుట్టు తిరగాలి. బలరామయ్య తిరిగాడు. గేటు దగ్గర జెండా ఊపారు, ఆగలేదు. రెండో చుట్టు తిరిగాడు. మూడో చుట్టులో మిగిలిన కార్లన్నీ పక్కకు తప్పుకున్నాయి. ఎవరో ఈల వేశారు. అయిదో చుట్టులో మైకాయన బతిమాలాడు. అంతోని మాత్రం ముందుకే చూస్తూ, చెయ్యితో తలుపు మీద తాళం వేస్తూ కూర్చున్నాడు.

"మామను ఆపండప్పా ఎవురన్నా!" అన్నాడు దామోదరం. అన్నాడు గానీ, వెళ్ళి ఆపలేదు.

ఎనిమిదో చుట్టులో, కోటగోడ నీడలో, పెట్రోలు అయిపోయి కారు దానంతట అదే నిలిచింది.

అందరూ పరుగెత్తారు. దిగమంటే బలరామయ్య దిగలేదు. స్టీరింగు మీది చేతులు తీయలేదు. అంతోని దిగి వెనక్కు పోయి, ఏమీ అనకుండా భుజం ఆనించాడు. దామోదరం ఇంకో పక్క పట్టాడు. తంగవేలు టోపీ భార్య చేతికిచ్చాడు. పంకజమ్మ కొంగు నడుముకు దోపుకుని, "ఒకటి, రెండు, మూడు!" అంటూ అందరికన్నా గట్టిగా కేక వేసి, అందరికన్నా మెల్లగా తోసింది.

కారు కదిలింది. ఇంజను సద్దు లేదు, చక్రాల కింద కంకర మాత్రం కరకరలాడింది. మైదానం మలుపు వచ్చింది. బలరామయ్య వెనక్కు తిరిగి చూడకుండా, కుడిచెయ్యి బయటికి చాచి, తిరగబోతున్నానని పద్ధతిగా సైగ చేశాడు.